లారీ మోడల్‌పై టార్పాలిన్: టిష్యూ కాగితానికి గుడ్డ బరువు తెప్పించడం ఎలా

1/35 స్కేల్ (అసలు దానికంటే 35 రెట్లు చిన్న) మిలిటరీ లారీ మోడల్‌ని ఎంత శ్రద్ధగా కట్టినా, పైన కప్పిన టార్పాలిన్ రేకు ముక్కలా బిర్రుగా నిలబడితే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగిపోతుంది. టైర్ల మీద బురద, తలుపుల మీద గీతలు, ఇంజన్ దగ్గర నూనె మరకలు అన్నీ బాగానే కుదురుతాయి. పైన గుడ్డ ఒక్కటే గుడ్డలా ఉండదు. నేను చాలాకాలం ఇది రంగు సమస్య అనుకుని ఎన్నో షేడ్లు మార్చి చూశాను. తేడా రాలేదు. ఆలోచిస్తే లోపం బరువులో ఉందని తెలిసింది. లారీ మీద కప్పే కాన్వాస్ టార్పాలిన్ చాలా బరువుంటుంది, తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. ఆ బరువుకే అది కమాన్ల (గుడ్డను పైన మోసే వంపు కడ్డీల) మధ్య కుంగుతుంది, మూలల్లో పోగుపడుతుంది, తాడు పట్టిన చోట లాగబడుతుంది. మన చేతిలోని టిష్యూ ముక్కకు ఆ బరువు లేదు. దాని మానాన దాన్ని వదిలేస్తే ఎక్కడా కుంగదు. కింద చెప్పే ప్రతి పనీ ఆ లేని బరువును నీళ్లతో, వేళ్లతో, పుల్లతో తెప్పించడం కోసమే.

ఉదాహరణకు అమెరికన్ జీఎంసీ సీసీకేడబ్ల్యూ లారీని తీసుకుంటున్నాను. రెండున్నర టన్నుల బరువు మోసే ఈ ఆరు చక్రాల డ్రైవ్ బండ్లను 1941 నుంచి 1945 వరకు 5 లక్షలకు పైగా తయారుచేశారు. మోడల్ కట్టేవాళ్లలో దీనికి అభిమానులు ఎక్కువ, 1/35లో టమియా అనే జపాన్ కంపెనీ కిట్ ఉంది. దీని కథ కూడా టార్పాలిన్‌కు బాగా సరిపోతుంది. 1944లో నార్మండీలో దిగిన మిత్రపక్ష సైన్యాలు ఫ్రాన్స్‌లో ఎంత వేగంగా ముందుకెళ్లాయంటే వెనక నుంచి పెట్రోలు, మందుగుండు, తిండి అందించడం కష్టమైపోయింది. రైలు మార్గాలు అంతకుముందే బాంబులకు దెబ్బతిన్నాయి. అందుకని ఆగస్టు 25న రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో లారీల బారులు మొదలుపెట్టారు. నవంబర్ 16 దాకా అవి రాత్రీ పగలూ నడిచాయి. డ్రైవర్లలో దాదాపు నాలుగింట మూడొంతులు నల్లజాతి అమెరికన్ సైనికులే. వేసవి దుమ్ముతో మొదలై శరదృతువు వానల బురదలో ముగిసిన పని అది. అన్ని నెలలు ఎండకు ఎండి, వానకు తడిసిన గుడ్డను మనం చేతిలో పట్టేంత సైజులో చూపించాలి.

కిట్ వేరేదైనా పర్వాలేదు. జర్మన్ ఓపెల్ బ్లిట్జ్ లారీ అయినా, విల్లీస్ జీపు అయినా పద్ధతి ఇదే.

ముందు చిన్న లెక్క

చాలామంది మొదట చేసే పని పాత కాటన్ రుమాలు కత్తిరించి లారీ మీద వేయడం. గుడ్డను గుడ్డతోనే చేయాలనిపించడం సహజం. కానీ స్కేల్ ఒప్పుకోదు. రుమాలులో ఒక్కో పోగు 0.2 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 35 రెట్లు చేస్తే 7 మిల్లీమీటర్లు. అంటే బట్టలారేసే తాళ్లతో నేసిన గుడ్డను లారీ మీద కప్పినట్టు. అటు నుంచి ఇటు లెక్కేసినా అదే మాట: నిజం టార్పాలిన్ మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే మోడల్ మీద అది 0.03 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో నేత కంటికి కనిపించే ప్రశ్నే లేదు. కనిపించేవి మడతలు, కుట్లు, తాళ్లు, మరకలు. మీ శ్రమ అంతా వాటి మీదే పెట్టండి.

ఇదే లెక్కతో మిగతావి కూడా రాసిపెట్టుకోండి. 35 మిల్లీమీటర్ల అంచు మడత మోడల్ మీద ఒక మిల్లీమీటరు. అంగుళం వెడల్పు బెల్టు 0.7. పది మిల్లీమీటర్ల తాడు 0.3. పొడుగు చాసిస్ జీఎంసీ బాడీ (వెనక సామాను పెట్టే తొట్టి) 12 అడుగులు, అంటే 1/35లో సుమారు 104 మిల్లీమీటర్లు. ఈ అంకెలు రాసిన చీటీ పని బల్ల మీద కళ్లెదురుగా ఉంటే చేయి అదుపులో ఉంటుంది. పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది: అన్నీ కాస్త లావుగా చేసేస్తాం.

నిజం గుడ్డను చూసి రండి

బ్రష్ పట్టుకోకముందు ఒక సాయంత్రం హైవే పక్కన దాబా దగ్గర ఆగి లారీలు చూడండి. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త. వడ్లు ఆరబోయడానికి, వాన వస్తే ధాన్యం రాశుల మీద కప్పడానికి మన ఊళ్లలో వాడే నీలం, పసుపు ప్లాస్టిక్ బరకాలను నమూనాగా పెట్టుకోవద్దు. ప్లాస్టిక్ మడత పదునుగా, గీత గీసినట్టు పడుతుంది, మెరుస్తుంది. పాత కాలపు కాటన్ కాన్వాస్ మడత వీపు గుండ్రంగా ఉంటుంది, మెరుపు ఉండదు. మీకు కావాల్సింది ఆ గుండ్రటి మడత. ముతక కాటన్ టార్పాలిన్ కట్టిన లారీ ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. అలాంటిది దొరికితే నాలుగు వైపుల నుంచీ తీసుకోండి.

చూసేటప్పుడు ప్రతి మడత దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని లాగుతున్నది ఎవరు? తాడు ఒక కన్నాన్ని కిందికి లాగుతుంటే ఆ కన్నం నుంచి మడతలు విసనకర్రలా పైకి విచ్చుకుంటాయి. రెండు కమాన్ల మధ్య ఏ ఆధారమూ లేని చోట గుడ్డ పసిపిల్ల జోలెలా వేలాడుతుంది. వెనక మూలలో రెండు వైపుల గుడ్డ కలిసే చోట మిగిలిన భాగం పోగుపడి, కూర్చున్న మనిషి మోచేతి దగ్గర చొక్కాలా ముడుచుకుంటుంది. ఈ మూడింటిలో ఏదో ఒకటి లేకుండా గుడ్డలో మడత ఊరికే పుట్టదు. టిష్యూను నలిపి, విప్పి వేసేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. అలా చేస్తే లారీ మీద నలిగిన కాగితమే కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ముడతలను ఏదీ లాగడం లేదు.

ఆ తర్వాత మీ బండి ఫొటోలు వెతకండి. జీఎంసీ బాడీ పక్కల బయటవైపు వరసగా కొక్కాలు ఉంటాయి, టార్పాలిన్ తాళ్లు వాటికే కడతారు. ఏ కొక్కానికి కట్టారు, ఏది వదిలేశారు, వెనక తెర దించారా, చుట్టి పైకి కట్టారా అన్నది ఒక ఫొటో చూసి తేల్చుకోండి. పది ఫొటోలు కలిపి చేస్తే దేనికీ పొంతన ఉండదు.

కావాల్సినవి

ముఖం తుడుచుకునే మామూలు టిష్యూ. చుక్కల డిజైన్ అచ్చు లేనిది చూసుకోండి. వంటింటి టిష్యూ రోల్ వద్దు, దాని గళ్లు రంగు వేశాక కూడా కనిపిస్తాయి. ముఖం టిష్యూ రెండు మూడు పొరలుగా వస్తుంది, నెమ్మదిగా విడదీసి ఒక్క పొరే వాడాలి. తాగేసిన టీ బ్యాగ్ కాగితం కడిగి ఆరబెట్టుకుంటే అది తడిలో కూడా చిరగదు. వెనక తెరకు, చిన్న ముక్కలకు నాకు అదే ఇష్టం.

ఫెవికాల్, నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. రెండు మెత్తటి బ్రష్‌లు, ట్వీజర్లు, కొత్త బ్లేడు, టూత్‌పిక్‌లు, గుండ్రటి మొన ఉన్న ఊలు అల్లే సూది. లోపల ఆధారానికి థర్మోకోల్, దాని మీద చుట్టడానికి వంటింటి క్లింగ్ ఫిల్మ్. తాళ్లకు కుట్టు దారం, కొవ్వొత్తి. ఇత్తడి కన్నాలకు పాడైన ఇయర్‌ఫోన్ వైరులోని సన్నటి రాగి తీగ. ఇంట్లో లేనిది ఏమైనా ఉంటే ఊళ్లో స్టేషనరీ షాపులో దొరుకుతుంది. రంగుల దగ్గరే కొంచెం ఖర్చు.

కమాన్లను కాపాడుకోవడం

ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే నేను ఒక లారీని ఇక్కడే పోగొట్టుకున్నాను. ఒక రాత్రి కమాన్ల మీద నేరుగా టిష్యూ పరిచి, రెండు పొరలు ఒకేసారి ఫెవికాల్ నీళ్లతో తడిపి, ఫ్యాన్ కింద పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే కాగితం ఆరి దగ్గరకు లాక్కుంది. ముందు కమాను, వెనక కమాను రెండూ లోపలికి ఒరిగి ఉన్నాయి, వెనకది మొదట్లో విరిగిపోయింది. మూడు వారాల పని అది. ఆ రోజంతా మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు.

తడి టిష్యూ ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. సన్నటి ప్లాస్టిక్ కమాన్లు ఆ లాగుడుకు ఆగలేవు. అందుకే థర్మోకోల్ దిమ్మ కావాలి. బాడీ లోపల సరిగ్గా పట్టేలా థర్మోకోల్ కోయండి. కమాన్లు దిగడానికి దానిలో బ్లేడుతో గాట్లు పెట్టండి. దిమ్మ పైభాగం కమాను కంటే ఒక మిల్లీమీటరు కిందికి ఉండాలి. తర్వాత ప్రతి రెండు కమాన్ల మధ్యా చెంచా వెనకవైపుతో నొక్కి, పళ్లెంలా కొద్దిగా లోతు చేయండి. గుడ్డ కుంగే ఆకారం ఇప్పుడే దిమ్మలో సిద్ధమైపోయిందన్నమాట.

అన్ని గదులకూ (రెండేసి కమాన్ల మధ్య జాగాలకు) ఒకే లోతు ఇవ్వకండి. మనుషులు సామాను ఎక్కించేది, దించేది వెనక నుంచి. అక్కడి గుడ్డ రోజూ కదులుతుంది, కాస్త వదులుగా ఉంటుంది. క్యాబిన్ పక్కనున్న ముందు గదిలో గుడ్డ బిగుతు ఎక్కువ. వెనక గదికి మిల్లీమీటరున్నర, మధ్య గదులకు ఒకటి, ముందుకు అర మిల్లీమీటరు ఇస్తే చూడ్డానికి బాగుంటుంది. అంతకు మించితే వాన నీళ్లు నిలిచి చెరువైనట్టు ఉంటుంది.

దిమ్మ మొత్తానికి క్లింగ్ ఫిల్మ్ చుట్టండి. బాడీ పక్క గోడలకు కూడా చుట్టండి, ఫెవికాల్ రంగు మీద పడకుండా. కమాన్లను బాడీకి అంటించవద్దు, ఊరికే గుంటల్లో దింపి ఉంచండి. గుడ్డ ఆరాక కమాన్లతో సహా గూడుబండి కప్పు ఎత్తినట్టు ఎత్తేసి, థర్మోకోల్ తీసేసి, లోపల పెట్రోలు డబ్బాలు, పెట్టెలు సర్దుకోవచ్చు.

గుడ్డ కోత, కుట్లు

పాత న్యూస్‌పేపర్ ముక్క కమాన్ల మీద వేసి, గోరుతో అంచులు నొక్కి, ఆ గీతల మీద కత్తిరించండి. ఇదే మీ నమూనా. పక్కల వైపు బాడీ గోడ అంచు దాటి నాలుగైదు మిల్లీమీటర్లు కిందికి దిగాలి, నిజం టార్పాలిన్ కూడా అలాగే గోడ మీదికి దిగి కట్టుకుంటుంది. టిష్యూను నమూనా కంటే అన్ని వైపులా సెంటీమీటరు ఎక్కువగా కోయండి. తడిలో కొంత పోతుంది.

టార్పాలిన్ ఒకే వెడల్పు గుడ్డ కాదు, పన్నాలు కలిపి కుట్టింది. ఆ కుట్టు గీతలు ఉంటేనే పరిమాణం తెలుస్తుంది. లారీ అంత పెద్దదన్న సంగతి ఈ రెండు మూడు సన్నటి గీతలే చెబుతాయి. అదే టిష్యూలోంచి మిల్లీమీటరు వెడల్పు రిబ్బన్లు కోసి, మొదటి పొరకు, రెండో పొరకు మధ్య పెట్టండి. ఆరాక ఆ చోట కనీ కనిపించనంత ఎత్తు వస్తుంది. అంతే చాలు. పైన దారంతో కుట్టినట్టు చుక్కలు గీయాలనిపిస్తుంది. ఆ పని చేయకండి, నిజం కుట్టు చుక్క మోడల్ సైజులో కంటికి ఆనదు.

గంజి పెట్టినట్టు

ఒక చెంచా ఫెవికాల్‌కు రెండున్నర చెంచాల నీళ్లు కలిపి, గిన్నెల లిక్విడ్ ఒక చుక్క వేయండి. ఆ చుక్క వల్ల నీళ్లు బొట్లు కట్టకుండా టిష్యూలోకి వెంటనే పాకుతాయి. చిక్కదనం తెలియాలంటే ఒక టిష్యూ ముక్కను తడిపి ప్లాస్టిక్ కవరు మీద ఆరబెట్టండి. ఆరాక దాన్ని వంచి చూస్తే అమ్మ గంజి పెట్టి ఆరేసిన నూలు చీరలా నిలబడుతూనే వంగాలి. పెళపెళలాడి, పొర మెరుస్తుంటే జిగురు ఎక్కువైంది. వంచిన చోట వంపు నిలవకుండా మెత్తబడిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి. చీర గంజి పలచనా చిక్కనా అని చేత్తో చూసి చెప్పే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆ ముక్క వాళ్ల చేతికివ్వండి. సరిగ్గా చెబుతారు.

ఫ్యాన్ ఆపండి. పొడి టిష్యూ మొదటి పొరను కమాన్ల మీద మెల్లగా పరచండి. నడిమి కమాను పైన బ్రష్‌తో ఒక బొట్టు వేసి, అక్కడి నుంచి బయటివైపుకు బొట్టు పక్కన బొట్టు పెడుతూ పోండి. బ్రష్‌తో ఈడ్చవద్దు, ఈడిస్తే తడి టిష్యూ చిరుగుతుంది. జిగురు నీళ్లు వాటంతటవే పాకి గుడ్డ మొత్తం తడుస్తుంది. చిరిగితే కంగారు పడకండి. అక్కడ చిన్న ముక్క వేసి తడిపితే కలిసిపోతుంది, నిజం టార్పాలిన్‌కూ అతుకులు ఉంటాయి.

మొదటి పొర పూర్తిగా ఆరాలి. అదే నేను ఆ రాత్రి చేయని పని. మన ఎండాకాలంలో గంటలో ఆరుతుంది, వానాకాలంలో రాత్రంతా పడుతుంది. ఆరాక కుట్టు రిబ్బన్లు పెట్టి, రెండో పొర వేయండి. మడతలు పెట్టేది ఈ రెండో పొర తడిగా ఉన్నప్పుడే. రెండో పొర తడి కింది పొరను కూడా మెత్తబరుస్తుంది కాబట్టి రెండూ కలిసి ఒకే గుడ్డలా కదులుతాయి.

ఇప్పుడు మీ దగ్గర పావుగంట ఉంటుంది. వేసవిలో ఇంకా తక్కువ. ఈ పావుగంటలో ఫోన్ పక్కన పెట్టేయండి.

ముందు పైభాగం. ఊలు సూది గుండ్రటి మొనతో కమాన్ల మధ్య గుడ్డను దిమ్మ పళ్లెంలోకి నెమ్మదిగా నొక్కండి, కమాను పైన మాత్రం గుడ్డ బిగుతుగా అంటి ఉండాలి. తర్వాత పక్కలు. ఏ కొక్కాలకు తాళ్లు కడతారో ఆ చోట్ల గుడ్డ అంచును ట్వీజర్లతో పట్టి కిందికి కొద్దిగా లాగండి. లాగగానే అంచులో చిన్న మొన వస్తుంది, రెండు మొనల మధ్య అంచు పైకి వంపు తిరుగుతుంది. ఈ వంపు తోరణంలా ఒక్కసారి కుదిరిందంటే మీ టార్పాలిన్‌కు బరువొచ్చినట్టే. మొన దగ్గర నుంచి టూత్‌పిక్ పక్కవాటంగా పెట్టి, పైకి పోయేకొద్దీ తేలికవుతూ రెండు మూడు మడతలు నొక్కండి. ఒక్కో మొన నుంచి ఒక్కోలా పోవాలి. ఒక తాడు కట్టకుండా వదిలేసిన చోట అంచు వదులుగా, కాస్త లోపలికి ముడుచుకుని వేలాడనివ్వండి.

మూలల దగ్గర మిగిలే గుడ్డను కత్తిరించి పారేయాలనిపిస్తుంది. కత్తిరించకండి. నిజం లారీ మీద ఎవరూ కత్తిరించరు, మడిచి లోపలికి తోస్తారు. మీరూ అదే చేయండి, దుప్పటి మూల పరుపు కిందికి తోసినట్టు. ఆ పోగైన మూల బండి మొత్తంలో నమ్మించే చోటు అవుతుంది.

ఆరాక అంచులు బ్లేడుతో సరిచేసి, ఒక మిల్లీమీటరు లోపలికి మడిచి జిగురు పెట్టండి. కమాన్లతో సహా పైకెత్తండి. పైకెత్తాక ఎక్కడైనా మెత్తగా అనిపిస్తే లోపలివైపు నుంచి ఇంకో పలచటి పూత వేయండి.

వెనక తెర విడిగా చేయడం మేలు. టీ బ్యాగ్ కాగితం ఒక పొర తడిపి, ప్లాస్టిక్ కవరు మీద పరచి, సగం ఆరాక కింది నుంచి పైకి చుట్టండి. చుట్ట మరీ గట్టిగా రాకూడదు. రెండు చోట్ల 0.7 మిల్లీమీటర్ల కాగితపు బెల్టు చుట్టి బిగిస్తే, బెల్టుల మధ్య చుట్ట పొట్టలా ఉబ్బాలి, మధ్యలో కాస్త కిందికి వాలాలి. చివర్లలో చుట్ట పొరలు బయటికి కనిపించాలి.

చుట్టిన టార్పాలిన్‌కు పుట్టీ

ట్యాంకు వెనక, జీపు ముందు కట్టిన చుట్టలకు టిష్యూ కంటే రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ నయం. మిల్లిపుట్ లాంటిది అయితే ఆకారం ఇవ్వడానికి తీరికగా సమయం ఇస్తుంది. ఎం-సీల్ తొందరగా గట్టిపడుతుంది, చిన్న చిన్న ముక్కలుగా కలుపుకోవాలి. సమపాళ్లలో బాగా కలిపి, జిగట తగ్గేదాకా ఆగి, గాజు పలక మీద టాల్కం పౌడర్ చల్లి, సీసాతో చపాతీలా ఒత్తండి. అర మిల్లీమీటరు మందం వస్తే చాలు. అంచులు సరిచేసి, నిజంగా గుడ్డ చుట్టినట్టే మడిచి చుట్టండి. స్తంభంలా ముద్ద చేసి పైన గీతలు గీస్తే అది చుట్టలా ఉండదు, చివరి పొరలు లేకపోవడం వల్ల వెంటనే తెలిసిపోతుంది. చుట్ట మెత్తగా ఉండగానే దాన్ని పెట్టాల్సిన చోట పెట్టి నొక్కండి, క్లింగ్ ఫిల్మ్ అడ్డం పెట్టి. కింది ఆకారం దాని మీద పడాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కలిపేటప్పుడు ఎపాక్సీ చర్మానికి తగలకూడదు.

కన్నాలు, తాళ్లు

రాగి తీగను సన్నటి సూదికి చుట్టి, బ్లేడుతో నిలువుగా కోస్తే చిన్న రింగులు రాలతాయి. వాటిని బల్ల మీద నొక్కి చదును చేసి, అంచు మొనల దగ్గర ఫెవికాల్ చుక్కతో అంటించి, మధ్యలో సూదితో పొడవండి. తాళ్లు కట్టే చోటే రింగులు చాలవు, కట్టని చోటా ఉండాలి. ఇది ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) కంటే ముందు చేయాలి.

కుట్టు దారంలో నూగు ఉంటుంది. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే నూగు అణుగుతుంది. దారాన్ని విప్పి రెండు పోగులు తీసి, మళ్లీ మెలివేస్తే తాడు మెలిక కనిపిస్తుంది. పచ్చటి ఖాకీ, లేత గోధుమ రంగుల దారం దొరికితే రంగు వేసే పని కూడా ఉండదు. గుడ్డకు బేస్ రంగు వేశాకే తాళ్లు కట్టండి.

తాడు కట్టేటప్పుడు గుడ్డతో సరిచూసుకోండి. మొన లాగబడి ఉన్న చోట తాడు బిగుతుగా, నిటారుగా ఉండాలి. అక్కడ తాడు వదులుగా వేలాడితే, గుడ్డను లాగుతున్నది ఏదీ లేనట్టే. వానలో తడిసిన లారీ చూపిస్తుంటే ఇంకా బిగుతు. గొడ్డును నార తాడుతో కట్టేసినవాళ్లకు తెలుసు, తడిస్తే ఆ ముడి ఎంత బిగుసుకుపోతుందో. కట్టి మిగిలిన కొసలను ఒక చుట్టు తిప్పి, ఫెవికాల్ నీళ్లు తగిలించి కిందికి వాలేలా వేలితో అద్దండి. ఇన్‌స్టంట్ జిగురు వాడితే చుట్టూ తెల్లటి పొగ మరక పడుతుంది, ముడి లోపల చాలా కొద్దిగా తప్ప వద్దు.

రంగు

లారీకి వేసిన ఆలివ్ డ్రాబ్‌నే (మిలిటరీ బండ్ల ముదురు పచ్చ రంగునే) టార్పాలిన్‌కూ వేయడం తరచుగా జరిగే తప్పు. ఇనుము మీద పెయింట్ వేరు, అద్దిన గుడ్డ వేరు. అమెరికన్ సైన్యం గుడ్డ సామానులో ఖాకీ వైపు వాలే లేత షేడు, పచ్చగా ముదురుగా ఉండే షేడు రెండూ వాడుకలో ఉన్నాయి, ఎండకు రెండూ వెలిసిపోతాయి. కాబట్టి ఒకే బారులో పక్కపక్క లారీల టార్పాలిన్లు వేరుగా ఉన్నా తప్పు లేదు. క్యాబిన్ మీది గుడ్డ ఒక షేడు, వెనకది ఇంకో షేడు కూడా వేయొచ్చు.

ముందు బూడిద రంగు ప్రైమర్. ఇది ఫెవికాల్ మెరుపును చంపుతుంది, టిష్యూ నూగును పట్టిస్తుంది. నూగు కనిపించిన చోట సన్నటి ఎమెరీ కాగితంతో ఒక్కసారి తాకించండి. బేస్‌కు టమియా ఎక్స్‌ఎఫ్-49 ఖాకీలో కొద్దిగా ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్ కలిపితే మంచి మధ్య రంగు వస్తుంది. బ్రష్‌తో వేసేవాళ్లకు వల్లేహో కంపెనీ 70.988 ఖాకీ సులువు. దానికి కాస్త బఫ్ (లేత ఇసుక రంగు) కలిపి పైభాగానికి, ముఖ్యంగా కమాన్ల మీది గీతకు వేయండి. అక్కడే ఎండ ఎక్కువ, రాపిడి ఎక్కువ. పక్కలు ముదురుగా వదిలేయండి. లోపలివైపు ఎండ తగలదు, అక్కడ వెలవని అసలు రంగు ఉండాలి. వెనక తెర చుట్టి ఉంటే ఆ తేడా బయటికే కనిపిస్తుంది.

దీని మీద మ్యాట్ వార్నిష్ వేసి, రాత్రంతా వదిలేయండి. తర్వాత వాష్‌లు (బాగా పలచన చేసిన రంగు పూతలు) ఆయిల్ రంగులతోనే. ఫెవికాల్ ఆరాక కూడా నీళ్లకు మెత్తబడుతుంది, నీళ్ల వాష్ ఎక్కువైతే కష్టపడి పెట్టిన మడతలు జారిపోతాయి. బర్న్ట్ అంబర్‌ను (ముదురు గోధుమ ఆయిల్ రంగును) ఎనామెల్ థిన్నర్‌లో బాగా పలచన చేసి, మడత లోతుల్లో మాత్రమే సన్న బ్రష్‌తో దింపండి. మొత్తం గుడ్డకు పూయవద్దు. మడత వీపుల మీద లేత రంగుతో డ్రై బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో తాకించడం) చాలా కొద్దిగా చాలు. గుడ్డ మడత వీపు గుండ్రం కదా, వెలుతురు కూడా మెల్లగా మారాలి. తెల్లటి గీత పడితే మళ్లీ రేకులా కనిపిస్తుంది.

మరకల్లో నాకు బాగా ఇష్టమైనది నీటి మరక. కమాన్ల మధ్య కుంగిన చోట వాన నీళ్లు నిలిచి, ఎండి, అంచున మట్టి గీత వదులుతాయి. కుంగిన చోట థిన్నర్ తడి చేసి, దుమ్ము రంగు ఆయిల్ ఒక చుక్క మధ్యలో వేయండి. అది పాకి అంచుకు చేరి అక్కడే ఆగి ఆరుతుంది. మీరు గీత గీయాల్సిన పని లేదు. ఒక గదిలో ఒక రింగు, ఇంకో గదిలో ఒకదాని లోపల ఒకటి రెండు రింగులు. రెండు వానలు పడ్డాయని ఆ రెండు రింగులు చెబుతాయి.

అతుకులు ఒకటో రెండో, అర సెంటీమీటరు చదరపు టిష్యూ ముక్కలు, షేడు కాస్త మార్చి. బురద పక్కల కింది అంచుకు, వెనక చక్రాల పైన మాత్రమే. ఎదురు లారీ టైరు చిమ్మిన బురద టార్పాలిన్ నెత్తి మీదికి అంతగా ఎక్కదు, అక్కడ ఉండాల్సింది దుమ్ము. అమెరికన్ సైన్యం తెల్ల నక్షత్రం గుర్తు మీ ఫొటోలో టార్పాలిన్ మీద ఉంటేనే వేయండి. వేస్తే మడతల మీద బ్రష్‌తో వేయండి, స్టిక్కర్ మడతలోకి దిగదు.

అన్నీ అయ్యాక గది లైట్లు ఆపి, టార్చి వెలుగు పక్క నుంచి వేసి చూడండి. కుంగిన చోట నీడ నిలవాలి. ఎక్కడైనా పక్క మొత్తం ఒకే వెలుగుతో చదునుగా కనిపిస్తే అక్కడ మడత తక్కువైందని అర్థం. వార్నిష్ ముందైతే వెనకవైపు నుంచి కాస్త తడిపి మళ్లీ మెత్తబరిచి సరిచేయొచ్చు, అందుకే ఈ టార్చి పరీక్ష ప్రైమర్ తర్వాత ఒకసారి, చివరలో ఒకసారి చేయండి.

అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేయండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చేవే చాలు. జూలై, ఆగస్టుల్లో మన గాలిలో తడికి ఫెవికాల్ గుడ్డ కొంచెం మెత్తబడి వెనక గది ఇంకాస్త కుంగుతుంది. నా మొదటి జీఎంసీ అలా రెండు వానాకాలాల్లో కుంగింది. నేను దాన్ని సరిచేయలేదు, ఇప్పుడు అది అచ్చం వానలో నిలిపిన లారీలాగే ఉంది.